చిక్కటి అడవిలో, మండే ఎండలో జంతువుల ఫొటోలు తీయడం ఎలా?

దుప్పి కనిపించింది. గబగబా కెమెరా ఎత్తి ఇరవై ముప్పై ఫొటోలు కొట్టారు. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే అన్నిటిలోనూ దుప్పి ఉంది, కానీ వేలు పెట్టి చూపిస్తే తప్ప పక్కవాళ్లకు కనిపించడం లేదు. ముందు రెమ్మలు, వెనక కొమ్మలు, వీపు మీద తెల్లగా పేలిపోయిన ఎండ మచ్చలు, పొట్ట కింద నల్లటి నీడ. అక్కడ నిలబడి చూసినప్పుడు మాత్రం ఎంత బాగుందో!

ఇందులో కొంత మన కళ్ల మాయ ఉంది. రెండు కళ్లతో చూస్తాం కాబట్టి ఏది ముందుందో ఏది వెనకుందో మెదడుకు ఇట్టే తెలిసిపోతుంది. జంతువు చెవి ఆడించినా తోక కదిపినా చూపు అక్కడికే పోతుంది, అడ్డొచ్చిన రెమ్మల్ని మెదడు లెక్కచేయదు. కెమెరాకు ఒకటే కన్ను, ఫొటోలో కదలికా ఉండదు. రెమ్మ, దుప్పి, దాని వెనకున్న మోడు అన్నీ పక్కపక్కనే అతుక్కుపోతాయి. పైగా దుప్పి ఒంటి మీది చుక్కలు ఉన్నదే ఇలాంటి ఎండ మచ్చల్లో కలిసిపోవడానికి.

అడవిలో ఫొటో చెడిపోవడానికి చిందరవందర ఒక కారణం, ఎండ ఒక కారణం అని అందరూ విడివిడిగా చెప్తారు. నాకైతే రెండూ ఒకటే అనిపిస్తుంది. ఆకుల సందుల్లోంచి పడే ప్రతి ఎండ చుక్కా ఇంకో అడ్డు పుల్ల లాంటిదే, చూపును జంతువు మీది నుంచి లాక్కుపోతుంది. అందుకే కింద చెప్పే పద్ధతి అంతా ఒక అలవాటు చుట్టూ తిరుగుతుంది. ముందు జంతువు వెనకేముందో చూసుకోండి, ఆ తర్వాతే జంతువును చూడండి.

1. బయల్దేరే ముందు కెమెరాలో చేసుకోవాల్సినవి

జంతువు ఎదురుపడ్డాక మెనూల్లో వెతుక్కునే టైమ్ ఉండదు. ఇవన్నీ ఇంట్లోనే సెట్ చేసుకోండి.

ఫైల్ రకం రా (కెమెరా పట్టుకున్న వెలుగును కుదించకుండా అలాగే దాచే ఫైల్) పెట్టండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. ఎండా నీడా కలిసిన ఫొటోలో నీడను తర్వాత పైకి తేవాలంటే ఆ మెట్లు కావాలి. జేపెగ్‌లో నీడను గట్టిగా లాగితే నునుపుగా ఉండాల్సిన చోటు మచ్చలు మచ్చలుగా విరిగిపోతుంది.

మోడ్ మాన్యువల్‌లో, ఐఎస్‌ఓ ఆటోలో పెట్టండి (వచ్చిన వెలుగును కెమెరా ఎంత పెంచుకోవాలో చెప్పే అంకె ఇది). అప్పుడు అపర్చర్ (లెన్స్ లోపల వెలుగు వచ్చే కన్నం), షట్టర్ స్పీడ్ (వెలుగు ఎంతసేపు పడాలన్నది) మీ చేతిలో ఉంటాయి. జంతువు ఎండలోంచి నీడలోకి అడుగు పెట్టగానే ఐఎస్‌ఓ దానంతట అదే సర్దుకుంటుంది. ఈ మోడ్‌లో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటోను ప్లస్‌తో వెలుగుగా, మైనస్‌తో చీకటిగా చేసే సెట్టింగ్) పనిచేస్తుందో లేదో ఒకసారి చూసుకోండి, కొన్ని పాత మోడళ్లలో పనిచేయదు. మీది అలాంటిదైతే అపర్చర్ ప్రయారిటీకి (అపర్చర్ మీరు పెడితే షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకునే మోడ్) మారి, ఆటో ఐఎస్‌ఓ సెట్టింగుల్లో కనీస షట్టర్ స్పీడ్ 1/500 అని ఇవ్వండి.

షట్టర్ స్పీడ్ విషయానికొస్తే, నిలబడి మేస్తున్న జంతువుకు 1/500 సెకను, నడుస్తుంటే 1/1000, పరుగెడుతుంటే 1/2000 అనుకుని మొదలుపెట్టండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా అని 1/60కి దిగకండి. అది మీ చేతి వణుకును సర్దుతుంది కానీ జింక చెవి విదిలిస్తే దాన్నేమీ చేయలేదు.

హైలైట్ అలర్ట్ ఆన్ చేయండి. తెల్లగా పేలిపోయిన చోట స్క్రీన్ మీద మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి విడదీసి కెమెరా వెనకున్న బటన్‌కు ఇవ్వండి. మొదటి రెండు రోజులు చేతికి తికమకగా ఉంటుంది. ఎందుకో ఫోకస్ దగ్గర చెప్తాను.

2. కళ్లు చికిలించి చూడండి

జంతువు కనిపించగానే పారిపోతుందేమో అనే టెన్షన్ ఉంటుంది. ఆ టెన్షన్ పోవడానికి రెండు మూడు ఫొటోలు ఎలాగో ఒకలా కొట్టేసుకోండి. ఆ తర్వాత కెమెరా దించి, కళ్లు సగం మూసి ఆ చోటంతా ఒకసారి చూడండి. సన్న సన్న వివరాలన్నీ పోయి వెలుగు ముద్దలు, చీకటి ముద్దలు మాత్రమే మిగులుతాయి. వాటిలో అన్నిటికంటే తెల్లగా మెరుస్తున్నది ఏది? జంతువు ముఖమే అయితే మీ అదృష్టం. చాలాసార్లు అది వెనక ఆకుల సందులో కనిపించే ఆకాశం ముక్కో, ఎండ పడ్డ రాయో, బెరడు ఊడిన మోడో అయి ఉంటుంది. ఫొటో చూసేవాళ్ల చూపు కూడా మొదట అక్కడికే పోతుంది.

ఇప్పుడు దానికి ఎదురుది వెతకండి. జంతువు చుట్టుపక్కల మసకగా, ఒకే రంగులో, పుల్లలు లేకుండా ఉన్న చోటు ఏది? నీడలో ఉన్న గుట్ట అంచు, గుబురు పొద లోపలి చీకటి, దూరంగా ఉన్న చెట్ల వరస, ఏదైనా పర్లేదు. జంతువు దాని ముందుకొచ్చేలా మీరు జరగాలి, లేదంటే జంతువే అక్కడికి వచ్చేదాకా ఆగాలి.

ఎక్కువసార్లు ఆగడమే పనికొస్తుంది. మేసే జంతువు ఒక దిక్కు పట్టుకుని మెల్లగా సాగుతుంది. పది నిమిషాలు గమనిస్తే ఎటు పోతోందో తెలిసిపోతుంది. దాని దారిలో ముందుగా వచ్చే మంచి ఖాళీ ఒకటి ఎంచుకుని, అక్కడి గడ్డి మీద ఫోకస్ చేసి, ఒక టెస్ట్ ఫొటో తీసి వెలుగు సరిచూసుకుని కూర్చోండి. జంతువు ఆ ఖాళీలోకి తల పెట్టేసరికి మీరు చేయాల్సింది బటన్ నొక్కడమే. గుంపు ఉంటే ఇంకా సులువు. ముందు నడిచేది తప్పిపోయినా వెనకవి సాధారణంగా అదే దారిన వస్తాయి.

రంగును కూడా లెక్కలో పెట్టుకోండి. దుప్పి లాంటి జంతువుల కంటికి ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియదు. పులి ఒంటి నారింజ రంగు వాటికి ఆకుల రంగులో కలిసిపోతుంది. మన కంటికి ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కాబట్టి ఎర్రటి, గోధుమ రంగు జంతువును పచ్చటి ఆకుల ముందు పట్టుకుంటే సగం చిందరవందర రంగు వల్లే విడిపోతుంది. అదే జంతువు ఎండుగడ్డిలో ఉంటే రంగు ఏమాత్రం సాయపడదు, వెలుగు తేడా మీదే ఆధారపడాలి.

3. ఎత్తు తగ్గండి

ఈ ఒక్క పని చేస్తే లెన్స్ మార్చినంత తేడా వస్తుంది. ఒక లెక్క చెప్తాను చూడండి.

పది మీటర్ల దూరంలో కుందేలు కూర్చుని ఉంది. దాని కన్ను నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. మీరు నిలబడి, కెమెరాను 160 సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుని తీస్తున్నారు. మీ లెన్స్ నుంచి కుందేలు కంటి మీదుగా గీత గీస్తే అది కుందేలు దాటాక 1.4 మీటర్లకే నేలను తాకుతుంది. అంటే ఫొటోలో కుందేలు తల వెనక కనిపించేది ఆ కాస్త దూరంలో ఉన్న ఎండుటాకులు, పుల్లలే. అవి ఎంత పెద్ద లెన్స్ పెట్టినా సరిగా మసకబారవు.

ఇప్పుడు బోర్లా పడుకుని కెమెరాను 30 సెంటీమీటర్లకు దించండి. అదే గీత ఇప్పుడు కుందేలు వెనక 20 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. లెన్స్ అదే, అపర్చర్ అదే, కుందేలు కదల్లేదు. వెనక మసక మాత్రం ఐదు రెట్లకు పైగా పెరుగుతుంది. పుల్లలన్నీ కరిగి ఒకే రంగు తెరలా అయిపోతాయి.

వాహనంలోంచి తీసేటప్పుడు పడుకోవడం కుదరదు కదా. అక్కడ ఇదే లెక్క ఇంకోలా పనికొస్తుంది. కెమెరా 2 మీటర్ల ఎత్తులో, జంతువు కన్ను ఒక మీటరు ఎత్తులో ఉంటే, జంతువు 10 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు వెనక నేల 10 మీటర్లకే వచ్చేస్తుంది. జంతువు 30 మీటర్ల దూరంలో ఉంటే 30 మీటర్ల అవతలికి పోతుంది. అందుకే వాహనాన్ని జంతువు పక్కకే తీసుకెళ్లమని డ్రైవర్‌ను పోరడం దండగ. కొంచెం దూరంలో ఆపి పెద్ద లెన్స్ వాడితే చూపు వాలు తగ్గుతుంది, జంతువు కూడా బెదరదు. వాహనంలో ఉన్న సీట్లలో అన్నిటికంటే కింది సీటు పట్టుకోండి. కిటికీ అంచు మీద బీన్ బ్యాగ్ (గింజలు నింపిన మెత్తటి సంచి) వేసి దాని మీద లెన్స్ ఆనించండి. ఇంజిన్ ఆపేయమనండి, ఆ వణుకు 500 ఎంఎం లెన్స్‌లో బాగా తెలుస్తుంది.

కాలి నడకన ఉన్నప్పుడు పడుకునే ముందు కింద ఏముందో చూసుకోండి. పాములు, తేళ్లు, చీమల పుట్టలు. ఏనుగులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, పెద్ద పిల్లులు తిరిగే చోట పడుకునే ఆలోచనే వద్దు. కిందకు కూర్చున్నవాడికి లేచి తప్పుకునే టైమ్ దొరకదు.

4. అడ్డొచ్చే రెమ్మ ఎక్కడుందో ముందు తేల్చుకోండి

రెమ్మలు రెండు రకాలు: మీ దగ్గరున్నవి, జంతువు దగ్గరున్నవి. వీటికి మందు వేరు వేరు.

జంతువు 20 మీటర్ల దూరంలో ఉంది, రెమ్మ మీకు 2 మీటర్ల దూరంలో అడ్డొచ్చింది. మీరు 30 సెంటీమీటర్లు పక్కకు జరిగితే చాలు, ఆ రెమ్మ జంతువు మీద నుంచి 2.7 మీటర్లు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. అంటే ఒంటిని కాస్త వాల్చినా సరిపోతుంది. అదే రెమ్మ జంతువుకు 2 మీటర్ల ముందుంటే, మీరు అంతే జరిగినా అది జరిగేది 3 సెంటీమీటర్లు. అక్కడ మీరు ఎంత ఊగినా లాభం లేదు, జంతువే కదలాలి.

జంతువు వెనక, సరిగ్గా తల మీద కొమ్ములా మొలిచినట్టు కనిపించే చెట్టు మొదలు సంగతీ ఇదే. అది జంతువు వెనక 5 మీటర్లలో ఉంటే, దాన్ని అర మీటరు పక్కకు తప్పించడానికి మీరు 2 మీటర్లు నడవాలి. ఒక అడుగు వేసి "అబ్బే, పోలేదు" అని వదిలేస్తారు చాలామంది. ఇంకో రెండడుగులు వేయండి.

దగ్గరి రెమ్మను తప్పించుకునే దారి లేకపోతే దాన్ని కరిగించవచ్చు. 400 ఎంఎం లెన్స్‌ను ఎఫ్ 5.6 దగ్గర (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే కన్నం అంత పెద్దది) పెడితే వెలుగు లోపలికొచ్చే కన్నం వెడల్పు సుమారు 71 మిల్లీమీటర్లు. లెన్స్ ముందు దగ్గరగా 5 మిల్లీమీటర్ల రెమ్మ ఉంటే అది ఆ కన్నంలో కొంచెమే మూస్తుంది, మిగతా వెలుగు దాని చుట్టూ వచ్చేస్తుంది. ఫొటోలో రెమ్మ దాదాపు మాయమవుతుంది. ఎఫ్ 16కి మూస్తే కన్నం 25 మిల్లీమీటర్లకు తగ్గి, అదే రెమ్మ మసక చారలా పడుతుంది. కాబట్టి పొద లోపలి నుంచి తీయాల్సి వస్తే అపర్చర్ పూర్తిగా తెరవండి, లెన్స్‌ను ఆకులకు వీలైనంత దగ్గరగా, దాదాపు ఆనించినట్టు పెట్టండి. రెండడుగులు వెనక్కి తగ్గి తీస్తే ఆకులు ఇంకా గట్టిగా కనిపిస్తాయి. ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ ఆకు మీద ఎండ పడుతుంటే అది కరిగినా తెల్లటి పొగలా ఫొటో మొత్తాన్ని కప్పేస్తుంది. మీ టోపీనో చేతినో అడ్డం పెట్టి ఆ ఆకు మీద నీడ వేయండి.

రెమ్మ విరవడం, గడ్డి తొక్కడం, కొమ్మను తాడుతో పక్కకు కట్టడం చేయకండి. గూడు దగ్గరైతే మరీనూ. మీకు అడ్డంగా కనిపించే ఆకులే వేటాడే పక్షుల నుంచి, ఎండ నుంచి గూట్లోని పిల్లలకు గొడుగు.

5. ఫోకస్ కంటి మీదే

కెమెరాకు వదిలేస్తే అన్ని ఫోకస్ పాయింట్లూ కలిసి తమకు దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంటాయి. అడవిలో దగ్గరగా ఉండేది ఎప్పుడూ గడ్డిపరకే. కాబట్టి ఒక్క పాయింట్ ఎంచుకోండి, దానిలోనూ చిన్న సైజు ఎంచుకోండి. కొత్త కెమెరాల్లో జంతువుల కన్ను గుర్తుపట్టే సదుపాయం బాగానే పనిచేస్తుంది, కానీ కంటికి అడ్డంగా రెమ్మ వచ్చిందంటే రెమ్మకూ కంటికీ మధ్య ఊగిసలాడుతుంది. అప్పుడు పంతానికి పోకుండా చిన్న పాయింట్‌కు మారిపోండి.

వెనక బటన్ ఉపయోగం ఇక్కడే. కంటి మీద పాయింట్ పెట్టి, బటన్ నొక్కి, ఫోకస్ దొరకగానే వేలు తీసేయండి. ఇక షట్టర్ ఎన్నిసార్లు నొక్కినా ఫోకస్ కదలదు, మధ్యలో గాలికి గడ్డి ఊగినా సరే. జంతువు కదిలితే మళ్లీ నొక్కిపట్టుకోండి. ఫోకస్ బాగా ముందుకొచ్చి గడ్డిలో ఇరుక్కుపోతే ఆటోఫోకస్ దానంతట అది బయటపడదు. లెన్స్ మీది ఫోకస్ రింగును చేత్తో అవతలికి తిప్పి, జంతువు కాస్త కనిపించాక మళ్లీ బటన్ నొక్కండి. మీ లెన్స్‌కు ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంటే దగ్గరి దూరాలను కట్ చేసి పెట్టుకోండి, వెతుకులాట సగం తగ్గుతుంది.

ఎంత లోతు దాకా స్పష్టంగా వస్తుందో కూడా ఒక అంచనా ఉండాలి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా, 400 ఎంఎం, ఎఫ్ 5.6, జంతువు 15 మీటర్ల దూరం. స్పష్టత దక్కేది ముందూ వెనకా కలిపి అర మీటరు లోపే. 30 మీటర్లకు పోతే దాదాపు 1.9 మీటర్లు. కాబట్టి దగ్గర్లో ఎదురుగా నిలబడ్డ దుప్పికి భుజం మీద ఫోకస్ చేస్తే కళ్లు పోతాయి.

నేనొకసారి చెట్టు కొమ్మ మీద పడుకున్న చిరుతను ముప్పావుగంట తీశాను. కెమెరా వెనక చిన్న స్క్రీన్ మీద ప్రతి ఫొటో బ్రహ్మాండంగా ఉంది. ఇంటికొచ్చి పెద్దగా చేసి చూస్తే చిరుత ముఖానికి ఒక జానెడు ముందున్న ఎండు పుల్ల మీద బెరడు పగుళ్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. చిరుత మీసాలు మాత్రం మసక. అప్పటి నుంచి ఏ జంతువైనా మొదటి రెండు ఫొటోలు తీయగానే స్క్రీన్ మీద కంటి దాకా జూమ్ చేసి చూసుకోకుండా మూడోది తీయను.

6. ఎక్స్‌పోజర్: ముఖం ఎక్కడుందో అక్కడే లెక్క

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఒక పాత లెక్క ఇప్పటికీ తప్పదు. ఐఎస్‌ఓ 100, ఎఫ్ 16 అయితే షట్టర్ సుమారు 1/100. ఎఫ్ 5.6కి తెరిస్తే 1/800. ఐఎస్‌ఓ 200 చేస్తే 1/1600. ఎండలో నిలబడ్డ జంతువుకు కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఏం చెప్పినా ఈ అంకెలు గుర్తుంటే మీటర్ ఎప్పుడు మోసం చేస్తోందో తెలుస్తుంది.

మీటర్ దేన్ని చూసినా దాన్ని మధ్యరకం బూడిద రంగుకు తేవాలనే చూస్తుంది. ఫ్రేమంతా చీకటి పొదలుండి మధ్యలో ఎండ పడ్డ జింక ఉంటే, పొదల్ని వెలిగించబోయి జింకను తెల్లగా కాల్చేస్తుంది. అప్పుడు కాంపెన్సేషన్ మైనస్ 1 నుంచి మైనస్ 2 దాకా తగ్గించండి. నల్లటి అడవిదున్న ఫ్రేమ్ నిండా ఉంటే మైనస్ 0.7 దగ్గర మొదలుపెట్టండి, లేకపోతే నల్లదనం పోయి బూడిద గేదెలా తేలుతుంది. తెల్లటి ఆకాశం ముందు కొమ్మ మీద కూర్చున్న కొండముచ్చుకు దీనికి తిరగేసి చేయాలి. ప్లస్ 1 నుంచి ప్లస్ 2. ఆకాశం తెల్లబడితే బడనీయండి, ముఖం నల్ల ముద్ద కాకుండా ఉంటే చాలు.

ఇక అసలు తలనొప్పి, ఒంటి మీద సగం ఎండ సగం నీడ. ఎండకూ నీడకూ మధ్య మూడు నాలుగు స్టాపుల తేడా మామూలే, దట్టమైన చెట్ల కింద ఇంకా ఎక్కువ. ఒక్క స్టాప్ అంటే వెలుగు రెట్టింపు, కాబట్టి నాలుగు స్టాపులంటే పదహారు రెట్లు. అన్నీ కాపాడాలని చూస్తే ఏదీ సరిగా రాదు. నా పద్ధతి ఇది. ముఖం ఎండలో ఉంటే ఎండకు సరిపెట్టు, నీడ ఎంత నల్లబడినా పట్టించుకోకు. ముఖం నీడలో ఉండి వీపు మీద చిన్న ఎండ మచ్చ ఉంటే, ఆ మచ్చ కాస్త కాలినా ముఖం వైపే మొగ్గు. మచ్చ పెద్దదైతే ఫొటో తీయకుండా ఆగు. జంతువు ఒక్క అడుగు వేస్తే వెలుగు మొత్తం మారిపోతుంది.

పేలిపోయిన తెలుపులో తర్వాత వెతికినా ఏమీ దొరకదు. నల్లబడ్డ నీడలో రా ఫైల్ అయితే రెండు మూడు స్టాపుల దాకా వివరం ఇంకా దాగి ఉంటుంది. అందుకే అనుమానం వచ్చినప్పుడు కాస్త చీకటి వైపే ఉండండి. అయితే ఐఎస్‌ఓ పెరుగుతుందనే భయంతో చీకటిగా తీయకండి. నీడలో జంతువును ఐఎస్‌ఓ 400లో చీకటిగా తీసి తర్వాత కంప్యూటర్‌లో వెలిగిస్తే వచ్చే గరుకు, నేరుగా 3200లో తీస్తే వచ్చే గరుకు కంటే తక్కువేమీ ఉండదు, చాలాసార్లు ఎక్కువే.

ఆకుల మెరుపు విసిగిస్తుంటే పోలరైజర్ ఫిల్టర్ తగిలించి తిప్పి చూడండి. మైనంలా నున్నగా ఉండే ఆకుల మీద తెల్లటి తళుకు చచ్చి అసలు ఆకుపచ్చ బయటికొస్తుంది. వాన తర్వాత తడి ఆకుల్లో ఇంకా బాగా తెలుస్తుంది. దానికి ఒకటి, ఒకటిన్నర స్టాపుల వెలుగు ఖర్చవుతుంది కాబట్టి చీకటి పడుతుంటే తీసి జేబులో వేసుకోండి. ఫ్లాష్ సంగతి అసలు వద్దు.

7. ఎండ ముదిరాక ఏం చేయాలి

మీ నీడ మీకంటే పొడుగ్గా ఉన్నంతసేపు సూర్యుడు 45 డిగ్రీల కంటే కిందే ఉన్నట్టు. నీడ మీకంటే పొట్టిగా మారిందంటే వెలుగు పైనుంచి పడుతోంది, జంతువు కనుబొమల కింద చీకటి గుంటలు మొదలవుతాయి. వాచీ చూడక్కర్లేదు.

ఆ టైమ్‌లో ఇంటికి పొమ్మని అందరూ చెప్తారు. పొద్దున, సాయంత్రం మాత్రమే అడవిలోకి వెళ్లే వీలు అందరికీ ఉండదు కదా. ఉన్న ఎండతోనే పనిచేయాలంటే ఇవి చూడండి.

పూర్తిగా నీడలో ఉన్న జంతువును వెతకండి. ఎండ ముదిరితే అవి కూడా నీడకే చేరతాయి కాబట్టి ఇది అనుకున్నంత కష్టం కాదు. లేత రంగు ఇసుక, ఎండుగడ్డి, నీటి ఒడ్డు పక్కనున్న నీడ అన్నిటికంటే మేలు. ఎండ నేల మీద పడి తిరిగి పైకి లేచి జంతువు గడ్డం కిందా పొట్ట కిందా మెత్తగా వెలిగిస్తుంది.

సూర్యుడికి ఎదురుగా తీయడానికి భయపడకండి, కనీసం ఎండ కాస్త వాలాక. జంతువు వెనక చీకటి ఉండాలి, ఎండ దాని వెనక నుంచి రావాలి. మైనస్ 1 లేదా 2కి దించితే చెవుల అంచులు, మీసాలు, వీపు మీది వెంట్రుకలు బంగారు గీతలా వెలుగుతాయి, చిందరవందర అంతా నల్లగా మునిగిపోతుంది. లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తగిలించే, పక్క ఎండను ఆపే తొడుగు) తప్పనిసరి.

తలెత్తే క్షణం కోసం ఆగండి. తల వంచి మేస్తున్నప్పుడు కళ్లు నీడలో ఉంటాయి. నీళ్లు తాగి తలెత్తినప్పుడు, చప్పుడుకు చెవులు నిక్కించి చూసినప్పుడు కంటిలో ఒక చిన్న వెలుగు చుక్క పడుతుంది. ఆ చుక్క లేని కన్ను ఎంత స్పష్టంగా వచ్చినా గాజు బొమ్మలా ఉంటుంది. ఆ చప్పుడు మీరు చేయకండి. ఈల వేయడం, రాళ్లు విసరడం, ఫోన్‌లో అరుపులు వినిపించడం ఏదీ వద్దు. జంతువు మేత మానేసి మీ వైపే కన్నార్పకుండా చూస్తూ కాలు నేలకు తన్నుతోందంటే మీరు అప్పటికే మరీ దగ్గరికి వచ్చేశారు, మెల్లగా వెనక్కి తగ్గండి.

మధ్యాహ్నం బయలు దాటి దూరంగా ఉన్న జంతువును తీస్తే ఫోకస్ సరిగా ఉన్నా ఫొటో నీళ్లలో చూసినట్టు వస్తుంది. వేడెక్కిన నేల మీద గాలి మరుగుతుంటే వెలుగు వంకరలు తిరుగుతుంది, లెన్స్‌ను తిట్టుకుని లాభం లేదు. దూరం తగ్గించుకోండి, లేకపోతే ఆ ఫొటో వదిలేయండి.

8. చిందరవందర పోకపోతే దాన్నే వాడుకోండి

ఎంత జరిగినా, ఎంతసేపు ఆగినా ఖాళీ దొరకని రోజులుంటాయి. అప్పుడు జంతువును పెద్దగా చూపించాలనే కోరిక వదిలేసి జూమ్ వెనక్కి తీయండి. రెండు చెట్టు మొదళ్ల మధ్య చిన్నగా ఒక దుప్పి, పైన గుబురు, కింద ఆకుల పరుపు. అడవి ఎంత పెద్దదో అందులో తెలుస్తుంది. ఇలా తీసేటప్పుడు ఎఫ్ 8, ఎఫ్ 11 దాకా మూయండి, సగం మసకైన అడవి కంటే స్పష్టమైన అడవే బాగుంటుంది. లేదా దీనికి పూర్తిగా ఎదురు దిక్కుకు పోయి, ఆకుల మధ్యలో కనిపించే ఒక్క కన్ను మాత్రం తీసుకోండి. మిగతాదంతా ఆకులే. నాకు ఈ రెండో రకం ఇష్టం. మధ్యరకంగా, జంతువు మొత్తం ఉండి మొత్తం మీద పుల్లలుండే ఫొటో ఏ ఆల్బమ్‌లోనూ నిలవదు.

9. ఇంటికొచ్చాక

ముందుగా ప్రతి ఫొటోనూ నూరు శాతానికి పెంచి కన్ను చూడండి. కన్ను మసకైతే ఎంత మంచి క్షణమైనా తీసేయండి.

చెట్ల కింద వెలుగు ఆకుల్లోంచి వడకట్టుకుని వస్తుంది కాబట్టి జంతువు ఒంటికి పచ్చటి ఛాయ అంటుకుంటుంది. వైట్ బ్యాలెన్స్‌లో టింట్ స్లైడర్‌ను మెజెంటా వైపు కొంచెం జరిపితే పోతుంది. తెల్లటి గొంతో, చెవి లోపలి వెంట్రుకలో చూస్తూ సరిచేయండి, మొత్తం ఫొటో చూస్తూ చేస్తే కన్ను మోసపోతుంది.

తర్వాత హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) కిందికి దించండి. షాడోస్‌ను (నీడ భాగాలను) ఫొటో మొత్తానికి లేపకండి, అలా చేస్తే మీరు కష్టపడి చీకట్లో ముంచిన పుల్లలన్నీ మళ్లీ పైకి తేలతాయి. జంతువు ముఖం వరకే మాస్క్ గీసి అక్కడే లేపండి. వెనకున్న ఆకుల కోసం ఆకుపచ్చ, పసుపు రంగుల గాఢతను, వెలుగును విడిగా తగ్గించండి. మిగిలిన ఎండ మచ్చల్ని బ్రష్‌తో ఒక్కొక్కటిగా కాస్త కాస్త అణచండి. చివర్లో మళ్లీ కళ్లు చికిలించి స్క్రీన్ చూడండి, ఏది ముందు కనిపిస్తోందో. క్లారిటీ, షార్ప్‌నెస్ జంతువుకు మాత్రమే ఇవ్వండి.

ఎండ పీడ ఏ రకంగానూ వదలని ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. ఏనుగు ముడతలు, అడవిదున్న కండలు మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా అందంగా వస్తాయి. పచ్చటి ఆకుల ముందు నిలబడ్డ పులికి మాత్రం జాగ్రత్త. దాన్ని విడదీసిందే రంగు కాబట్టి రంగు తీసేస్తే మళ్లీ ఆకుల్లో కలిసిపోతుంది. ఎరుపు, నారింజ చానళ్లను పెంచి, ఆకుపచ్చను దించి మారిస్తే కొంత నిలబడుతుంది.

రెమ్మల్ని క్లోన్ టూల్‌తో (పక్క భాగాన్ని కాపీ చేసి అతికించే పనిముట్టుతో) చెరిపేయడం మీ ఇష్టం, గోడకు వేలాడదీసుకునే ఫొటో అయితే ఎవరికీ నష్టం లేదు. పోటీకి పంపేదైతే ముట్టుకోకండి. చాలా పోటీల్లో అసలు రా ఫైల్ అడుగుతారు, ఉన్నది తీసేసినా లేనిది పెట్టినా ఒప్పుకోరు.

ఆన్‌లైన్‌లో పెట్టే ముందు ఫైల్‌లో లొకేషన్ వివరాలు ఉన్నాయేమో చూసుకుని తీసేయండి. గూటి దగ్గర తీసినదైనా, అరుదైన జంతువైనా, ఆ అంకెలు వేటగాళ్లకు నేరుగా దారి చూపిస్తాయి.